ఘాటు వేరు, కారం వేరు

కారంగా ఉన్న కూరకి గట్టి రెడ్ వైన్ కావాలనీ, అందులోనూ షిరాజ్ అయితే తిరుగులేదనీ ఒక మాట మన మధ్య పాతుకుపోయింది. హైదరాబాద్ రెస్టారెంట్ల మెనూల్లో అది ఉంటుంది. సీసా వెనక లేబుల్ మీద ఉంటుంది. మెల్‌బోర్న్, సిడ్నీ, అడిలైడ్‌లలో మనవాళ్ల ఆదివారం విందుల్లో కొత్తగా వచ్చినవాళ్లకి పాతకాపులు చెప్పే మొదటి పాఠం కూడా అదే. గోంగూర మాంసమా, షిరాజ్. కోడి వేపుడా, షిరాజ్. బిర్యానీయా, ఇంకా ముదురు షిరాజ్.

నేను అడిలైడ్‌లో ఉంటాను. బరోసా లోయ ఇక్కడి నుంచి కారులో గంట దూరం. 1843లో నాటిన షిరాజ్ తీగలు అక్కడ ఇప్పటికీ కాపు కాస్తున్నాయి. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటల్ని తుడిచిపెట్టిన ఫిలోక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలోకి అడుగుపెట్టలేదు కాబట్టి అవి బతికాయి. ఆ ముసలి తీగల ముందు నిలబడినప్పుడు నాకు మా ఊరి పాత చింతచెట్టు గుర్తొస్తుంది. షిరాజ్ మీద నాకు అంత ఇష్టం. ఆ ఇష్టంతోనే చెబుతున్నాను, ఈ సలహా మొదలంటా తప్పు. ఆ వైన్‌కీ మన వంటకీ ఒకేసారి అన్యాయం చేస్తోంది.

ఆ మాట చెప్పేవాళ్ల వాదాన్ని ముందు వాళ్లు చెప్పేంత బలంగానే చెబుతాను. తేలికైన వైన్ మన మసాలాల ముందు నీళ్లలా తేలిపోతుంది, కాబట్టి దీటుగా నిలబడేది కావాలి. షిరాజ్‌లో సహజంగానే మిరియాల వాసన ఉంది, కాబట్టి మన పోపులపెట్టెకి అది చుట్టం. అందులోని వగరు మాంసం జిడ్డుని వదిలించి నోటిని తేటపరుస్తుంది. పైగా ఆ పేరే పర్షియాది, యూరప్ వైన్లలో తూర్పు వంటకి దగ్గరైనది అదే. ఈ నాలుగింటిలో నిజం బొత్తిగా లేదని నేననను. ఉన్న నిజం నుంచి వాళ్లు చేరిన చోటికి దారి లేదంటాను.

1. మిరియాల వాసన

షిరాజ్‌లో మిరియాల వాసన ఎవరి ఊహా కాదు. దానికి కారణమైన పదార్థాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. పేరు రొటండోన్. అది ద్రాక్ష తొక్కలో ఉంటుంది, మిరియాల్లోనూ అదే ఉంటుంది. లీటరు వైన్‌లో 16 నానోగ్రాములు ఉంటే చాలు, ముక్కు పసిగడుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. విచిత్రమేమంటే, ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి అది ఎంత ఉన్నా తెలియదు. అంటే ఈ జోడీని సమర్థించే వాసనే విందులో కూర్చున్న అయిదోవాడికి అందదు.

అందినవాళ్లకైనా అందేది వాసన మాత్రమే. మిరియం నాలుకని చురుక్కుమనిపించేది పైపరిన్ వల్ల. మిరపకాయ మండేది క్యాప్సైసిన్ వల్ల. షిరాజ్‌లో ఈ రెండూ లేవు. కాబట్టి మిరియాల వాసన వచ్చే వైన్‌కి మిరపకాయ కూరతో చుట్టరికం కలపడానికి ఆధారమే లేదు.

మరి ఈ పొరపాటు ఎక్కడ పుట్టింది? ఒక్క మాటలో పుట్టింది. ఇంగ్లిష్‌వాళ్లు లవంగం, దాల్చినచెక్కల పరిమళాన్నీ, మిరియాల ఘాటునీ, మిరపకాయ మంటనీ స్పైసీ అనే ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. వైన్ గురించి రాసినవాళ్లు షిరాజ్‌ని స్పైసీ అన్నారు. మన కూరనీ స్పైసీ అన్నారు. మాట ఒకటే గనక సరుకూ ఒకటేననుకుని ముడిపెట్టారు. తెలుగులో ఆలోచిస్తే ఆ ముడి పడనే పడదు. పరిమళం వేరు, ఘాటు వేరు, కారం వేరు. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కి క్షణంలో దిగిపోతుంది. గుంటూరు తేజ మిరప కారం నాలుక మీద తిష్ఠ వేసి చెవుల దాకా పాకుతుంది. ఈ తేడా మన ఇళ్లలో పదేళ్ల పిల్లకి తెలుసు. ఇన్ని మాటలున్న భాషని పక్కనపెట్టి, ఒక్క మాటతో సర్దుకునే భాషలోంచి భోజనం సలహా అరువు తెచ్చుకున్నాం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

ఇంకో సంగతి ఉంది, ఇది ఆ వాదాన్ని లోపలినుంచే కూల్చేస్తుంది. రొటండోన్ చల్లటి చోట్ల నెమ్మదిగా పండిన ద్రాక్షలో ఎక్కువ. ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయ, విక్టోరియా రాష్ట్రంలో గ్రాంపియన్స్ కొండప్రాంతం అలాంటివి. అక్కడి వైన్‌లో ఆ వాసన గుప్పుమంటుంది. ఎండకి బాగా మగ్గిన ద్రాక్షలో అది తగ్గిపోయి పండిన ప్లమ్, చాక్లెట్ లాంటి వాసనలు పైకొస్తాయి. మనవాళ్లు కారానికి సిఫారసు చేసే గట్టి, చిక్కటి, నల్లటి షిరాజ్ ఈ రెండో రకం. వైన్ ముదిరేకొద్దీ మిరియాల సాకు పలచబడుతుంది. గట్టిదనం కావాలంటే మిరియం వాసన వదులుకోవాలి, మిరియం వాసన కావాలంటే గట్టిదనం తగ్గించుకోవాలి. రెండిటినీ కలిపి ఒకే సలహాలో పెట్టినవాళ్లు ఈ లెక్క చూసుకోలేదు.

2. బలానికి బలం

అసలు పట్టు ఈ వాదానిదే. వినడానికి బాగుంటుంది. మల్లుడికి మల్లుడే సరిజోడు అన్నట్టుంటుంది. కానీ వైన్ గట్టిగా ఉందంటే అందులో ఏమున్నట్టు? ఆల్కహాల్, వగరు, చిక్కదనం. ముందు ఆల్కహాల్ సంగతి చూద్దాం. ఉత్తర రోన్ వైన్‌లో అది సాధారణంగా 13 శాతానికి అటూఇటూ ఉంటుంది. బరోసాలో 14.5 మామూలు, 15 దాటినవీ దొరుకుతాయి.

మిరప మంట రుచి కాదు, నొప్పి. వేడిని పసిగట్టే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని కనిపెట్టింది, అదీ క్యాప్సైసిన్ సాయంతోనే. 2021లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. వేడి సుమారు 42 డిగ్రీలు దాటితే ఆ గ్రాహకం మెదడుకి కాలుతోందని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకపోయినా అదే కబురు వెళుతుంది. 2002లో వెలువడిన పరిశోధన ఇంకో మాట తేల్చింది. ఆల్కహాల్ కూడా అదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది, ఆ 42 డిగ్రీల హద్దుని సుమారు 34 డిగ్రీలకి దించేస్తుంది. మన ఒంటి వేడే 37. తేజ మిరపతో అప్పటికే మండుతున్న నోట్లో 15 శాతం ఆల్కహాల్ పోస్తే కారానికి ఎదురు నిలిచేదేమీ రాదు. కారం పక్షానే ఇంకొకటి చేరుతుంది.

క్యాప్సైసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది కదా, వైన్ దాన్ని కడిగేస్తుంది కదా అని చదువుకున్నవాళ్లే నాతో వాదించారు. కరిగే మాట నిజం. కానీ వైన్‌లో ఐదింట నాలుగు వంతులకి పైనే నీళ్లు. ఆ కాస్త ఆల్కహాల్‌కి కడిగే శక్తి లేదు, మంట పెంచే శక్తి మాత్రం పుష్కలంగా ఉంది. క్యాప్సైసిన్‌ని పట్టుకుని పక్కకి తీసుకెళ్లేది పాలలోని కేసిన్.

ఆ సంగతి మన వంటింటికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. బలానికి బలం అనే సూత్రాన్ని తెలుగు విస్తరి ఏనాడూ ఒప్పుకోలేదు. ఆవకాయ పక్కన ఏం పెడతాం? ఇంకో ఊరగాయ పెట్టం. ముద్దపప్పు పెడతాం, మీద నెయ్యి వేస్తాం. గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటాం. గుంటూరు కారం చల్లిన ఇడ్లీ మీద నెయ్యి, బిర్యానీకి పెరుగు పచ్చడి, పచ్చిపులుసు పక్కన చప్పటి ముద్దపప్పు. ఎంత పెద్ద విందైనా చివరికి పెరుగన్నంతోనే ముగుస్తుంది. మా నాయనమ్మ మధ్యాహ్నం భోజనంలో మజ్జిగ గ్లాసు విస్తరికి కుడిపక్కనే పెట్టేది, కారం తగలగానే చేతికి అందాలని. మన తిండి వ్యాకరణమే ఇది. కారానికి జోడీ కారం కాదు. చల్లన, కమ్మన, కాస్త తీపి, కాస్త చప్పన. వందల ఏళ్లు నాలుక మీద పరీక్షించి నిలబెట్టుకున్న ఈ క్రమాన్ని, వైన్ సీసా బల్ల మీదికి రాగానే ఎందుకు మరిచిపోతున్నాం?

ఇక వేడి. రెడ్ వైన్‌ని గది వేడిమిలోనే వడ్డించాలనే నియమం కూడా ఈ సలహా వెంట వస్తుంది. ఆ నియమం పుట్టిన యూరప్ రాతి ఇళ్లలో గది వేడిమి 16, 18 డిగ్రీలు. విజయవాడలో మే నెలలో గది వేడిమి ఎంతో నేను చెప్పక్కర్లేదు. అల్మరాలోంచి తీసిన సీసా 30 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముక్కులోకి లేచి వస్తుంది, వైన్ రుచి జావలా సాగుతుంది. మంట మీద మంట, దాని మీద ఇంకో మంట.

తేలికైన వైన్ తేలిపోతుందనే మాటకి జవాబు ఒకటే. తేలిక వేరు, చప్పదనం వేరు. జర్మనీలో మోసెల్ నది ఒడ్డున పండే రీస్లింగ్ కాబినెట్ రకంలో ఆల్కహాల్ 8, 9 శాతమే. దాని పరిమళం, పులుపు, లోపల మిగిలిన తీపి కలిసి ఏ మసాలా ముందైనా నిలబడతాయి. నిలబడడానికి కండ ఒక్కటే దారి కాదు.

3. వగరు, పులుపు, చేప

వగరు కొవ్వు జిడ్డుని వదిలిస్తుందన్న మాటలో న్యాయం ఉంది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుంటాయి. నోరు పిడచగట్టుకుపోయినట్టయ్యేది అందుకే. మామిడి పిందె కొరికినప్పుడు జరిగేదీ ఇదే. ఎదురుగా మాంసం ప్రొటీన్, కొవ్వు, ఉప్పు ఉంటే వగరు వాటితో సర్దుకుని మెత్తబడుతుంది. బరోసాలో నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసంతోనో, రోన్ లోయలో అడవిపంది ఇగురుతోనో ఆ వైన్ తాగినవాళ్లు దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. నేను గుర్తుపెట్టుకున్నాను. అయితే ఆ వంటల్లో మిరపకాయ లేదు, చింతపండు లేదు, గోంగూర లేదు. మాంసం ఒక్కటే ఉమ్మడి. మాంసం ఉన్న వంటలన్నీ ఒకటేననడం, బియ్యం ఉన్నాయి గనక పులిహోర, పరమాన్నం ఒకటేననడమే.

కారంతో మండుతున్న నోటికి వగరు ఇంకా గరుకుగా తగులుతుంది. తడి కావాలని నోరు అడుగుతుంటే ఉన్న తడిని అది లాగేస్తుంది.

పులుపు దగ్గర ఈ సలహా పూర్తిగా చేతులెత్తేస్తుంది, విచిత్రంగా దాని ఊసే ఎవరూ ఎత్తరు. తిండి వైన్ కన్నా పుల్లగా ఉంటే వైన్ చప్పబడుతుందన్నది ఈ విద్యలో మొదటి పాఠం. ఎండకి పండిన షిరాజ్‌లో సహజమైన పులుపు తక్కువ. ఆస్ట్రేలియాలో చాలామంది టార్టారిక్ ఆమ్లం కలిపి ఆ లోటు పూడ్చుకుంటారు. అలాంటి వైన్‌ని గోంగూర పక్కన పెడితే ఏమవుతుంది? పండు రుచి చచ్చి, ఆల్కహాలూ వగరూ చేదూ మిగులుతాయి. మన వంటని కారం అని ఒక్క ముక్కలో తేల్చేసిన ఫలితం ఇది. ఆంధ్ర వంటలో కారం ఎంతో పులుపూ అంత. గోంగూర, చింతపండు, మామిడికాయ, చింతచిగురు, నిమ్మ. వీటిని లెక్కలోకి తీసుకోని జోడీ శాస్త్రం మన వంట గురించి మాట్లాడుతున్నట్టు కాదు.

చేపల పులుసుకీ షిరాజేనని చెప్పేవాళ్లని చూశాను. 2009లో జపాన్ పరిశోధకులు వైన్‌లోని ఇనుము చేపలోని కొవ్వులతో కలిసి నీచువాసన పుట్టిస్తుందని రుజువు చేశారు. లీటరుకి 2 మిల్లీగ్రాములు దాటిన ఇనుముతో అది స్పష్టంగా తెలిసింది. రెడ్ వైన్లలో ఆ మోతాదు అరుదు కాదు. పులుసులో నీచు పోవడానికి మనం చింతపండు, మెంతులు వేసి, ఆ నీచునే గ్లాసులోంచి వెనక్కి పిలుచుకోవాలా?

4. పేరులో పర్షియా

దీనికి ఎక్కువ చోటు అక్కర్లేదు. క్రూసేడ్ల నుంచి తిరిగొచ్చిన గాస్పార్ ద స్టెరింబెర్గ్ అనే యోధుడు రోన్ ఒడ్డున కొండ మీద సన్యాసిగా స్థిరపడ్డాడనీ, షిరాజ్ నగరం నుంచి తీగ తెచ్చి నాటాడనీ కథ. ఆ కొండకి ఎర్మితాజ్ అన్న పేరు ఆ సన్యాసి కుటీరం వల్లే వచ్చిందంటారు. కథ అందమైనదే. కానీ 1990ల చివరలో కాలిఫోర్నియాలో కేరోల్ మెరెడిత్, ఫ్రాన్స్‌లోని మాంపెల్లియే శాస్త్రవేత్తలు కలిసి చేసిన డీఎన్ఏ పరీక్ష ఈ ద్రాక్ష తల్లిదండ్రుల్ని తేల్చింది. ద్యురెజా, మాందూజ్ బ్లాంష్. రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్‌వే. ఫ్రాన్స్‌లో దీని పేరు ఇప్పటికీ సిరా. 1832లో జేమ్స్ బస్బీ ద్రాక్షతీగల సేకరణ ద్వారా ఆస్ట్రేలియా చేరిన తర్వాతే అక్కడ షిరాజ్ అనే పలుకుబడి స్థిరపడింది. పర్షియా రక్తం ఇందులో చుక్క కూడా లేదు. ఉన్నా ఏం ఒరుగుతుంది? తూర్పు దేశాల వంటంతా ఒకటే వంటా? కుంకుమపువ్వు, పుదీనా, దానిమ్మలతో సాగే ఇరాన్ వంటకి గుంటూరు మిరపతో ఏం పోలిక?

5. ఈ తప్పుకి ధర చెల్లిస్తున్నది ఎవరు?

సీసా నచ్చకపోతే పక్కనపెడతారు, అంతే కదా అనుకోవచ్చు. అంతటితో ఆగడం లేదు.

ఇక్కడ ఒక రెస్టారెంట్‌లో తెలుగు వంటల విందు పెట్టారు, వంట వంటకీ ఓ షిరాజ్. కోడి వేపుడు వచ్చింది. రంగుంది, కరివేపాకుంది, కారం లేదు. అడిగితే, వైన్ రుచి తెలియాలని కారం సగానికి తగ్గించామని వంటాయన చెప్పాడు. కారానికే సరైన జోడీ అని పిలిచిన వైన్ కోసం కారాన్నే తీసేశారు. సలహా నిజమైతే ఆ అవసరం ఎందుకొచ్చింది? అక్కడున్న వాళ్లెవరూ ఆ ప్రశ్న వేయలేదు. మన తిండే కాస్త మోటని, పెద్దమనుషుల బల్ల మీదికి రావాలంటే కాస్త తగ్గాలని ఒప్పుకున్నట్టు కూర్చున్నారు. ఆ కూర్చోవడం నాకింకా మింగుడుపడలేదు.

రెండో ధర మా ఇంట్లోనే చూశాను. మా అక్క, బావగారు గుంటూరు నుంచి వచ్చారు. బావగారు అంతకుముందు వైన్ తాగలేదు. ఒక స్నేహితుడు గోంగూర మాంసం, దాంతో 15 శాతం షిరాజ్ పెట్టాడు. రెండు గుటకలు తాగి గ్లాసు పక్కకి జరిపారు. "ఇది మన నోటికి పడేది కాదులేవయ్యా, మీలాంటి వాళ్లకే" అన్నారు. లోపం ఆయన నోటిది కాదు, ఆ జోడీది. కానీ ఆయన తప్పు తన నాలుకదే అనుకున్నారు. ఇలా ఎంతమంది అనుకుని ఉంటారు? మంచి షిరాజ్‌ని దాని సొంత తిండితో ఒక్కసారీ రుచి చూడకుండానే తలుపు మూసేసుకున్నారు.

6. ఎవరి రుచి వారిది అనేవాళ్లకి

ఇంతా విన్నాక కొందరు ఆఖరి మాట తీస్తారు. రుచికి నియమాలేమిటి, ఎవరిష్టం వాళ్లది, నాకు ఆ మంట ఇష్టం అని. ఇష్టమైతే తాగండి, మీ గ్లాసు నేను లాక్కోను. కానీ ఈ మాట అనే హక్కు మెనూలో జోడీ అచ్చువేసినవాళ్లకి లేదు. కారానికి షిరాజే సరి అన్నది నియమం. నియమం చెప్పేటప్పుడు శాస్త్రం, ప్రశ్నించగానే స్వేచ్ఛ, ఇది వాదం కాదు. ఒకరికి మంట ఇష్టం కావడం ఆ ఒక్కరి సంగతి. కొత్తగా వచ్చినవాళ్లకి దాన్ని పాఠంగా చెప్పకూడదు.

కాబట్టి నా లెక్క నేను చెబుతాను. కారం, పులుపు ముందుండే వంటకి చల్లగా ఉన్న, ఆల్కహాల్ తక్కువున్న, పులుపు నిండుగా ఉండి కాస్త తీపి మిగిలిన తెల్ల వైన్ పెట్టండి. మోసెల్ రీస్లింగ్ దొరికితే గోంగూర మాంసానికి అంతకన్నా మంచిది లేదు. నాసిక్ నుంచి వచ్చే షెనిన్ బ్లాంక్‌లో కాస్త తీపి ఉన్న రకాలు తేలిగ్గా దొరుకుతాయి. వాటిని బాగా చల్లబరిచి కోడి వేపుడుతో ఇవ్వండి. ఎర్రదే కావాలంటే గమే ద్రాక్షతో చేసే బోజొలే ఉంది. వగరు తక్కువ, కాసేపు ఫ్రిజ్‌లో పెట్టినా బాగుంటుంది. చేపల పులుసుకి ఎర్ర వైన్ మాటే వద్దు.

షిరాజ్‌కి మన వంటల్లో చోటు లేదా? ఉంది, కానీ అది వెతికి ఇవ్వాల్సిన చోటు. ఉప్పు, అల్లంవెల్లుల్లి, కాస్త మిరియంతో బొగ్గుల మీద కాల్చిన మటన్ చాప్స్. కారం పలచగా వేసిన అరకు బొంగులో చికెన్, ఆ పొగవాసనకి ఈ వైన్ లోపలి పొగవాసన అందివస్తుంది. చింతపండు బాగా తగ్గించి, నువ్వులు, ఎండుకొబ్బరి, పల్లీలతో దించిన గుత్తి వంకాయ. ఎర్రగా వేగిన ఉల్లిపాయలతో మాంసం ఇగురు, మిరపకాయ లేకుండా. వీటితో ఇచ్చేటప్పుడు సీసాని ముందుగా ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

వచ్చే సంక్రాంతికి బావగారు మళ్లీ వస్తున్నారు. మొదటి రోజు గోంగూర మాంసం అక్క చేతి కారంతోనే, చిటికెడు కూడా తగ్గించకుండా. పక్కన చల్లటి రీస్లింగ్, ఆయన వద్దంటే మజ్జిగ. షిరాజ్ మూత మూడో రోజు తీస్తాను, పెరట్లో బొగ్గుల మీద గొర్రె మాంసం కాలుతున్నప్పుడు.